యాదవ్వ కారు కొనలేదు

గ్రేస్‌కు ముక్కు మీదే కోపమని ఆమె భర్త ఫిలిప్ అంటాడు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. మంచిర్యాలలో తను పనిచేసే కార్ల షోరూం యజమాని ఒక ఫోను స్టాండు, ఒక గుండ్రటి లైటు చేతికిచ్చి రీళ్లు తియ్యమన్న రోజు నుంచి పట్టుకున్న జబ్బు. అంతకుముందు ఆమె ఎంత నెమ్మదస్తురాలో వాళ్ల మెథడిస్టు చర్చిలో ఎవరినడిగినా చెబుతారు. తండ్రి యెషయా మిషన్ బడిలో అటెండరుగా చేసి రిటైరైన మనిషి. పన్నెండేళ్లప్పుడు కూతుర్ని చర్చిలో వాక్యం చదవడానికి నిలబెట్టాడు. ఇప్పుడామెకు ముప్పై ఆరు. ఇప్పటికీ ఆదివారం ఆమె చదివితేనే పెద్దవాళ్లకు తృప్తి. గొంతు పెంచదు, తొందరపడదు. అయినా వెనక బల్ల మీది చెవిటి ముసలాయనకు కూడా ప్రతి అక్షరం అందుతుంది. ఆ గొంతుతో ఏం చదివినా నమ్మబుద్ధవుతుంది.

ఆ గొంతే ఆమె కొంప ముంచింది.

షోరూంలో ఆమె అసలు పని రిసెప్షన్. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పేరూ ఫోన్ నంబరూ రాసుకుని, సేల్స్ కుర్రాళ్లకు అప్పగించాలి. అయిదేళ్లు ఆ పని హాయిగా చేసింది. యజమాని భానుప్రసాద్ కరీంనగర్ మనిషి. మొదట సిమెంటు, ఇనుము అమ్మేవాడు. సిమెంటు అమ్మినన్నాళ్లు ఆయనకు ఏ పిచ్చీ లేదు. మూడేళ్ల కింద కార్ల కంపెనీవాళ్లు హైదరాబాద్‌లో మీటింగు పెట్టి, ఇకమీదట కార్లు షోరూంలో కాదు, ఫోన్లోనే అమ్ముడుపోతాయని చెప్పి పంపారు. తిరిగొచ్చిన మర్నాడే షోరూం పేరుతో ఫేస్‌బుక్‌లో పేజీ, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచాడు. సేల్స్ కుర్రాళ్లు కెమెరా ముందు సంతలో అరిచినట్టు అరిచారు. అదే వారం గ్రేస్ లక్కీ డ్రా పేర్లు మైకులో చదివింది. భానుప్రసాద్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. రీళ్ల పని ఇకమీదట ఆమెదే అన్నాడు. జీతం సంగతి మాత్రం ఎత్తలేదు.

అప్పటి నుంచి తెల్లారేసరికి ఆమె ఫోన్లో ఆయన పంపిన వీడియోలు నలభై ఉంటాయి. ఎక్కడో ఎవడో కారు బానెట్ మీద ఎగిరాడు, మనమూ ఎగరాలి. ఎవతో పెళ్లికూతురు వేషంలో కారు నడిపింది, మనకూ పెళ్లికూతురు కావాలి. ఒకసారి దెయ్యం వేషం కూడా అడిగాడు. దెయ్యం డిక్కీలోంచి లేచి, ఇందులో ఎంత స్థలముందో చెప్పాలట. ఆ దెయ్యం నేను కానని గ్రేస్ ఖరాఖండిగా చెప్పేసింది.

ఇక కామెంట్లు. ధర జానెడు అక్షరాలతో బొమ్మ మీద రాసినా కింద ముప్పై మంది 'ధర ఎంత' అని అడుగుతారు. ఒకాయన రోజూ గుడ్ మార్నింగ్ చెప్పి పువ్వు పెడతాడు. భైంసా నుంచి ఒకతను పాత ట్రాక్టరు అమ్మకానికుందని మన కారు బొమ్మ కిందే ఫోటోలు పెట్టి, కొనేవాళ్లతో అక్కడే బేరం ఆడతాడు. ఆదిలాబాద్ నుంచి ఇంకొకతను మరాఠీలో పత్తి రేటు అడుగుతాడు. అందరికీ మర్యాదగా జవాబివ్వాలని యజమాని ఆజ్ఞ. పత్తి రేటు కూడా కనుక్కుని చెప్పింది గ్రేస్, ఏం చేస్తుంది.

వీటన్నిటికంటే ప్రాణం తీసేది డెలివరీ ఫోటో. అమావాస్యకు ఎవరూ కారు తీసుకోరు. మంగళవారం తీసుకోరు. మంచి రోజొచ్చిందంటే ఒకే ముహూర్తానికి ఎనిమిది కార్లు బయటికి పోవాలి. పూజ చేసే అయ్యగారు ఒక్కరే. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, అద్దం మీద పసుపు కుంకుమ, కారు మీది ఎర్ర గుడ్డ లాగడం, అట్టతో చేసిన నిలువెత్తు తాళంచెవి చేతికివ్వడం, చప్పట్లు. ఇదంతా పరుగెత్తుతూ ఫోన్లో పట్టాలి. నిమ్మకాయ చిట్లే క్షణంలో ఎవరో ఒక మేనమామ అడ్డమొచ్చి నిలబడతాడు, మళ్లీ నిమ్మకాయ పెట్టాలి.

ఇక్కడ ఒక పద్ధతుంది. కొత్త కారు కొన్న కొడుకు ఆ తాళంచెవి తను పట్టుకోడు, తల్లి చేతిలో పెడతాడు. ఎవరు కొన్నారని అడిగితే 'నేను కొన్న' అనడు. 'మా అవ్వ కొన్నది' అంటాడు. అందులో కొంత ప్రేమ, కొంత దిష్టి భయం. విన్నవాళ్లు నవ్వుకుని దీవిస్తారు. ఆ మాటను ఎవరూ రిజిస్ట్రేషన్ కాగితంలా పట్టుకుని కూర్చోరు.

దసరా ముందు ఒక గురువారం హనుమండ్లు అలాగే తల్లిని తీసుకుని వచ్చాడు. గోదావరి ఒడ్డు పల్లె వాళ్లది. పదిహేనేళ్లు ఎవరెవరి కార్లో నడిపి, చివరికి బ్యాంకు లోనుతో సొంతంగా ఒకటి టాక్సీకి తీసుకున్నాడు. తల్లి పేరు యాదవ్వ. డెబ్బై దాటిన మనిషి, చిలకపచ్చ చీర కట్టుకుని వచ్చింది. అట్ట తాళంచెవి చేతికిస్తే, పొలానికి పార మోసుకుపోయినట్టు భుజాన వేసుకుని నిటారుగా నిలబడింది. ముఖంలో నవ్వు మాత్రం లేదు.

"అవ్వా, జర నవ్వు," అంది గ్రేస్.

"పండ్లు లెవ్వు బిడ్డా," అంది యాదవ్వ. ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. గ్రేస్ ఫోను ఆ నవ్వును పట్టేసింది. మూడేళ్లలో తీసిన ఎనిమిది వందల ఫోటోల్లో అలాంటిది మరొకటి లేదు.

భానుప్రసాద్ ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచాడు. దీనికి కథ కావాలన్నాడు. కొడుకు కెమెరా ముందే 'అవ్వ కొన్నది' అన్నాడు కదా, ఇంకేం కావాలి. కూలి చేసి కారు కొన్న అవ్వ! కారు కొడుకు పేరు మీద ఉందని, లోను కూడా అతనిదేనని గ్రేస్ గుర్తుచేసింది. ఆయన వినలేదు. కొడుకే అన్నప్పుడు నీకేం నొప్పి, ఆ మాటనే జర సాగదియ్యి అన్నాడు.

సాగదీసింది. ఆ సాయంత్రం ఇంట్లో పిల్లవాడి పరీక్ష ఉంది, తొందరగా బయటపడాలి. పది నిమిషాల్లో రాసేసింది. ముప్పై ఏళ్లు కూలికి పోయిన యాదవ్వ, రెండు బర్రెలు పెట్టుకుని, పాలమ్మి, రూపాయి రూపాయి దాచి, కారు కొని కొడుకు చేతిలో పెట్టింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే యజమానికి అన్యాయం చేసినట్టవుతుంది. బర్రెలు ఆయన చెప్పినవి కావు. అవి గ్రేస్ సొంత కల్పన. ఉత్త కూలితో కారొస్తుందంటే ఎవరూ నమ్మరని, రెండు బర్రెలు కట్టేసింది. ఆదివారం వాక్యం చదివే గొంతుతోనే ఆ కథ చదివేసి, స్టాండు మడిచి ఇంటికి పోయింది.

నాలుగు లక్షల మంది చూశారు. ఊళ్లకు ఊళ్లు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాయి. అవ్వ కాళ్లకు దండమని కామెంట్లు. పత్తి రేటు అడిగే మరాఠీ ఆయన కూడా రెండు చేతులెత్తి మొక్కిన బొమ్మ పెట్టాడు. కంపెనీ పెద్దాయన హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి భానుప్రసాద్‌ను మెచ్చుకున్నాడు. ఆయన అందరికీ స్వీట్లు పంచి, వారానికో అవ్వ కావాలన్నాడు. ఇంతమంది అవ్వలను ఎక్కణ్నుంచి తేవాలో చెప్పలేదు.

రెండు నెలలకు యాదవ్వ ఒంటరిగా వచ్చింది. రెండు బస్సులు మారి, గాజు తలుపు బయటే చెప్పులిడిచి, ఆ చదివే బిడ్డ ఉందా అని వాచ్‌మన్‌ను అడిగింది. గ్రేస్ ఎదురెళ్లి లోపలికి తెచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. యాదవ్వ నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, కోపమేమీ లేకుండానే చెప్పింది.

"పింఛన్ బందు వెట్టిన్రు బిడ్డా. కారున్న ముసల్దానికి పింఛనెందుకన్నరు. నువ్వు సదివింది ఇనవెట్టిన్రు."

ఊళ్లో ఎవరో గిట్టనివాళ్లు ఆ వీడియో తీసుకెళ్లి మండలాఫీసులో చూపించారట. హనుమండ్లు ఒకసారి వెళ్లి, కారు తనదని, తన రేషన్ కార్డు వేరని చెప్పాడు. షోరూం వాళ్లే అవ్వ కొన్నదని చెబుతున్నారు కదా, వాళ్ల దగ్గర్నుంచే కాగితం తెమ్మన్నారు. అతను షోరూంకు రెండుసార్లు ఫోన్ చేశాడు. ఫోను ఎత్తిన సేల్స్ కుర్రాడు, సార్‌కు చెబుతానన్నాడు. తర్వాత హనుమండ్లు నాగపూర్ కిరాయిలతో తిరుగుతున్నాడు.

కొడుకు బాగానే చూసుకుంటాడు కదా అని గ్రేస్ మెల్లిగా అడిగింది. తన తప్పు కాస్త చిన్నదవుతుందేమోనని అడిగిందా మాట.

"మంచిగనే సూస్తడు. ఏమడిగినా ఇస్తడు," అంది యాదవ్వ. "గని అడగాలె గదా బిడ్డా. గా పింఛనైతే అడగకుంట వస్తుండె."

గ్రేస్ లేచి నేరుగా భానుప్రసాద్ గదిలోకి పోయింది. కారు యాదవ్వది కాదని షోరూం కాగితం మీద రాసిమ్మంది, వీడియో తీసేద్దామంది. ఆయన రెండూ కుదరవన్నాడు. మన వీడియో అబద్ధమని మన కాగితం మీద మనమే రాసిస్తే షోరూం ఇజ్జత్ ఏం కావాలి. నాలుగు లక్షల మంది చూసిన వీడియో తీసేస్తే కంపెనీకి ఏం చెప్పాలి. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది.

"గ్రేసమ్మా, రెండో భాగం తీద్దాం. కారొచ్చినంక పింఛన్ వద్దని వాపసిచ్చిన అవ్వ. ఎట్లుంటది?"

గ్రేస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. దెయ్యం వేషం అడిగినప్పుడు కూడా ఇంత కోపం రాలేదు. బయట సోఫాలో ఆ మనిషి కూర్చునే ఉంది, గాజు గోడలోంచి కనిపిస్తూనే ఉంది. ఆయన ఆవిణ్ని చూస్తూనే ఈ మాటన్నాడు. పైగా ఆయనది దుర్మార్గం కూడా కాదు. అసలు ఇందులో నొప్పి ఎక్కడుందో ఆయనకు కనబడటం లేదంతే. ఆ సంగతి తెలిసేసరికి ఆమె విసుగు రెట్టింపైంది. బయటికొచ్చి, యాదవ్వకు బస్సు చూపించి, సోమవారం మండలాఫీసు దగ్గరికి రమ్మంది.

ఇంట్లో చెబితే ఫిలిప్ మంచీ చెడ్డా రెండూ ఆలోచించాడు. ఉద్యోగం పోతే పిల్లవాడి ఫీజు సంగతేంటని అడిగాడు, అవ్వ సంగతీ చూడాల్సిందేనన్నాడు, ఎటూ తేల్చలేదు. తండ్రి యెషయా మంచం మీద కూర్చుని అంతా విన్నాడు.

"గామెకు బర్లు ఉన్నయా?" అనడిగాడు.

"లెవ్వు బాపు."

ఆయన దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు. దానికంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది గ్రేస్‌కు.

శనివారం షోరూంలో అందరూ భోజనానికి లేచినప్పుడు తెల్లకాగితం తీసి తన చేత్తో రాసింది. యాదవ్వ కారు కొనలేదు. కారు ఆమె కొడుకు హనుమండ్లు పేరు మీద బ్యాంకు లోనుతో ఉంది. వీడియోలో నేను చదివింది నిజం కాదు. ఆమెకు బర్రెలు లేవు. కింద సంతకం, పేరు, పని. డెలివరీ రసీదుల మీద వేసే షోరూం ముద్ర ఆమె సొరుగులోనే ఉంటుంది. యజమాని వద్దన్న కాగితం మీద ఆయన ముద్ర వేస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. వేసింది. కారు ఇన్‌వాయిస్ నకలు దానికి జతచేసింది.

ఆదివారం చర్చిలో వాక్యం చదవనని చెప్పింది. గొంతు బాగాలేదంది. అది కూడా అబద్ధమే.

సోమవారం పొద్దున బస్సులో కూర్చుని పేజీ తెరిచి, ఆ వీడియోను తీసేసింది. ఫోన్లో ఉన్నదాన్నీ, ఆ ఫోటోనూ తీసేసింది. ఒక్క బొటనవేలి పని. ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదో తనకే అర్థం కాలేదు.

మండలాఫీసులో పింఛన్లు చూసే సారు కాగితం చదివి, ఆమెను పైకీ కిందికీ చూశాడు. తన ఫోను తీసి, ఏదో గ్రూపులో దాచుకున్న ఆ వీడియో పెట్టాడు. పేజీలోంచి తీసేస్తే ఏమైంది, లోకమంతా ఉంది కదా. గది నిండా ఆమె గొంతు మోగింది. ముప్పై ఏళ్లు కూలికి పోయిన యాదవ్వ. క్యూలో నిలబడ్డవాళ్లు, గుమాస్తాలు, అందరూ తలెత్తి ఆమెనే చూశారు. ఆ గొంతు ఎంత బాగుందో, ఎంత నమ్మబుద్ధవుతుందో విని గ్రేస్‌కు ఒళ్లు చచ్చిపోయింది.

"ఇది సూసి మా ఇంట్ల ఆమె ఏడ్సింది మేడం," అన్నాడాయన. మోసపోయినవాడి చిరాకు ఆయనది. "గొంతు మీదే గదా?"

"నాదే సార్."

"మరి బర్లు?"

"లెవ్వు సార్. కూలికి పోయింది నిజం. మిగిలిందంతా నేను రాసిన అబద్ధం."

చర్చిలో చదివినట్టే చెప్పింది, వెనక నిలబడ్డవాళ్ల దాకా వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సారు ఇన్‌వాయిస్ చూశాడు, ముద్ర చూశాడు, యాదవ్వ తెచ్చిన రేషన్ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఈ కాగితం ముందే తెస్తే ఇంత లొల్లి ఉండకపోవునని విసుక్కున్నాడు. వచ్చే నెల నుంచి మళ్లీ వస్తుందని చెప్పి, రెండు జిరాక్సులు తెమ్మన్నాడు. ఫైలు తెరిచి కాగితం లోపల పెట్టబోతుంటే, ఫిర్యాదు వెనక కుట్టి ఉన్న రంగు ప్రింటు బయటపడింది. చిలకపచ్చ చీర, భుజాన అట్ట తాళంచెవి, పళ్లులేని నవ్వు.

పక్కనే నిలబడ్డ యాదవ్వ ఇప్పుడు బల్ల మీదికి వంగింది.

"సారూ, గా ఫోటో నాకిస్తరా?"

సారు బిత్తరపోయాడు. గ్రేస్‌కైతే తల కొట్టుకోవాలనిపించింది. ఈ ఫోటో మూలంగానే కదా పింఛన్ పోయింది, ఈ ఫోటో అబద్ధమని చెప్పడానికే కదా ఉద్యోగం పణంగా పెట్టి ఇంత దూరం వచ్చింది.

"అది వద్దవ్వా. అదంతా అబద్ధమని ఇప్పుడే రాసిచ్చినం గదా," అంది.

"కొన్నది నేను గాదని రాసిచ్చినవు బిడ్డా," అంది యాదవ్వ. "నిలవడ్డది నేనే గదా. నవ్వింది నేనే గదా. నాదొక్క ఫోటో లేదు ఇంట్ల. ఆధార్ కార్డుల ఉన్నదైతే నేనే గుర్తువట్ట."

సారు తల గోక్కుని, ఫైలు కాగితం ఇవ్వకూడదని గొణిగి, చివరికి కుట్టు విప్పి ఆ ప్రింటు గ్రేస్ చేతిలో పెట్టాడు. జిరాక్సులతో పాటు దీనికీ ఒక రంగు కాపీ తీసుకుని, ఇది వాపసు తెచ్చివ్వమన్నాడు.

ఆఫీసు గేటు పక్క జిరాక్సు షాపులో నిలబడగానే ఫోను మోగింది. భానుప్రసాద్. వీడియో కనబడటం లేదని కంపెనీవాళ్లు అడుగుతున్నారట.

"నేనే తీసేసిన సార్. అబద్ధమని కాయితం గూడ ఇచ్చిన, మన ముద్ర ఏసి," అంది గ్రేస్.

ముద్ర ఉండే సొరుగు తాళంచెవి రేపు తన బల్ల మీద పెట్టమని చెప్పి ఫోను పెట్టేశాడు. గ్రేస్ ఫోను సంచిలో వేసుకుంది. భయం ఉంది, లేకపోలేదు. ఫిలిప్‌కు ఎలా చెప్పాలన్న దిగులూ ఉంది. కానీ మూడేళ్లుగా మెడ మీద కూర్చున్నదేదో దిగిపోయినట్టుంది. ఎనిమిది వందల మందిని నిలబెట్టి, నవ్వించి, లోకానికి చూపించింది. తన ఫోటో ఇంటికి తీసుకుపోతానని అడిగిన మనిషి ఈమె ఒక్కతే.

మిషన్‌లోంచి రంగు కాపీ బయటికొచ్చింది. యాదవ్వ దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసుకుంది. పెద్ద తాళంచెవి మీద వేలితో నిమిరింది. షాపతను లామినేషన్ చెయ్యాలా అని అడిగాడు.

"చెయ్యి తమ్మీ," అంది గ్రేస్. "వానకు తడ్వకుంట, మంచిగ చెయ్యి."